కారం అంటని చేతులు

మూత్రం గురించి రాస్తున్నాను. ముక్కు మూసుకునేవాళ్ళు ఇక్కడే పేజీ తిప్పేసుకోవచ్చు, నేనేమీ అనుకోను. ఉద్యోగమంతా సర్కారు ఆసుపత్రి వార్డుల్లో గడిపినదాన్ని, ఇలాంటి మాటలకి మొహమాటం ఎప్పుడో పోయింది. నర్సింగు చదువుతున్న అమ్మాయిలు మాత్రం ఓపిగ్గా చివరిదాకా చదవండి. మీరు ఉద్యోగంలో చేరీ చేరగానే "మూత్రం రావట్లేదు సిస్టర్" అని ఎవరో ఒకరు పొట్ట పట్టుకుని వస్తారు. అప్పుడు మీకు పాఠంలో చదివిన కారణాలన్నీ వరసగా గుర్తొస్తాయి. ఏ పాఠంలోనూ నాకు కనపడని కారణం ఒకటి ఉంది. అది చెప్పాలనే కూర్చున్నాను.

గుంటూరుకీ ఒంగోలుకీ మధ్య, పత్తీ మిర్చీ తప్ప కంటికి ఇంకేమీ ఆనని నల్లరేగడి నేలల్లో ఉండేది మా ఆసుపత్రి. మిర్చి సీజను వచ్చిందని క్యాలెండరు చూడక్కర్లేకుండానే తెలిసిపోయేది. వరండాలో ఒక్క కూలీ ఆమె వచ్చి కూర్చుంటే చాలు, లైనంతా తుమ్మడం మొదలెట్టేది. మా ఆయా మూతికి కొంగు కట్టుకుని, "కళ్ళం నుంచి వచ్చినవాళ్ళు కాస్త గాలికి కూర్చోండమ్మా, ఇక్కడ జబ్బు లేనోళ్ళకి కూడా జబ్బొచ్చేట్టుంది" అని అరిచేది. కళ్ళం అంటే మిరపకాయలు ఆరబోసే చోటు. ఆడవాళ్ళు రాశి చుట్టూ కూర్చుని తెల్లబోయిన తాలుకాయలు ఏరుతారు, ముచ్చికలు తీస్తారు, మగవాళ్ళు వాటిని టిక్కీలనే గోనెసంచులకెత్తి కుడతారు. పొద్దున కూర్చున్న ఆడమనిషి మళ్ళీ లేచేది పొద్దువాలాకే. ఆ సంగతి అందరిలాగే నేనూ చూశాను. అంతసేపు ఎలా కూర్చోగలుగుతున్నారని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

నేను చెప్పబోయే మనిషి అలాంటి ఒక కూలీల ముఠాకి మేస్త్రి. కనిగిరి అవతల మెట్ట ఊరు. అక్కడ వానలూ ఉండవు, పనులూ ఉండవు. ఏటా మిర్చి కోతలకి ఊళ్ళో ఆడవాళ్ళని కూడగట్టుకుని మా వైపు వచ్చి, చేల పక్కనే గుడారాలు వేసుకుని ఉండేది. పేరెందుకు, అందరూ పిలిచినట్టే మేస్త్రమ్మ అంటాను. వయసు యాభైకి కాస్త అటూ ఇటూ. పొడుగు మనిషి, గొంతు అంతకన్నా పొడుగు. కానీ ఆమెని నేను మొదటిసారి చూసిన రోజు ఆ గొంతు లేదు. సీజను అయిపోవచ్చింది, ఎండలు ముదిరాయి. ఆడబిడ్డ భుజం పట్టుకుని, ఉబ్బిన పొత్తికడుపు మీద కొంగు కప్పుకుని వచ్చింది. చీటీలు రాసే అతను ఆ కడుపు చూసి నేరుగా ప్రసూతి విభాగానికి రాసేశాడు. అక్కడ మా హెడ్ సిస్టర్ బల్ల మీద పడుకోబెట్టి, చెయ్యి వేసి చూసి, "ఎన్నో నెల?" అని అడిగింది.

"మా ఆయన పోయి పదేళ్ళు దాటింది సిస్టరమ్మా. ఎన్నో నెలో మీరే లెక్కెయ్యండి" అంది మేస్త్రమ్మ.

మేం పగలబడి నవ్వాం. ఆమె కూడా నవ్వబోయింది, అంతలో చీర తడిసింది. అప్పుడిక దాచలేక చెప్పింది. మూత్రం ఆగట్లేదట. దగ్గినా, తుమ్మినా, నవ్వినా కారిపోతోందట. పాత చీర ముక్కలు పెట్టుకుని పనికి పోతోందట. తడవకుండా ఉంటానేమోనని నీళ్ళు తాగడం దాదాపు మానేసిందట.

డాక్టరమ్మ కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల. పొట్ట మీద వేళ్ళతో తట్టి చూసి, పైపు వెయ్యమంది.

"మూత్రం ఆగట్లేదంటుంటే పైపేంటి మేడమ్?" అంది హెడ్ సిస్టర్.

"ఆగకపోవడం కాదు సిస్టర్, ఖాళీ కాకపోవడం. ట్యాంకు నిండిపోతే పైనుంచి పొర్లుతుంది చూడండి, ఆ పొర్లేదే ఈ కారేది."

పైపు నేనే వేశాను. సంచి నిండింది. ఖాళీ చేస్తే మళ్ళీ నిండింది. కడుపు మా కళ్ళముందే దిగిపోయింది. మేస్త్రమ్మ కళ్ళు మూసుకుని "అబ్బ, తల్లీ" అని ఒక్క మాట అని, ఆ పట్టపగలు, అంత రద్దీలో హాయిగా నిద్రపోయింది. ఆడబిడ్డ ఆమె మొహం మీద ఈగలు తోలుతూ కూర్చుంది.

స్కానింగులో రెండు కిడ్నీలూ వాచి కనపడ్డాయి. రక్తపరీక్ష కూడా బాగాలేదు. ఎక్కడా దారిలేని మూత్రం వెనక్కి తన్ని కిడ్నీలని పాడుచేస్తోందని డాక్టరమ్మ చెప్పింది. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే మనిషి దక్కదు. కారణం తెలియాలి.

మగవాళ్ళయితే మాకు పెద్దగా వెతుకులాట ఉండేది కాదు. వయసు మీదపడ్డాక ప్రొస్టేటు గ్రంథి పెరిగి దారిని నొక్కేస్తుంది, మా దగ్గరకి ఈ బాధతో వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఆ ముసలాళ్ళే. మా ఆయా అయితే ఇది అచ్చంగా మగాళ్ళ జబ్బనే నమ్మేది. ఆడవాళ్ళకి గర్భసంచి జారినా, అందులో గడ్డ పెరిగినా మూత్రానికి అడ్డం పడొచ్చు. రాయి అడ్డుపడొచ్చు. షుగరు ముదిరితే నరాలు మొద్దుబారి, మూత్రసంచి నిండిన కబురే మనిషికి చేరదు. నడుం పూస దెబ్బతిన్నా అంతే. మందుల షాపులో కొనుక్కున్న జలుబు మాత్ర వల్ల మూత్రం బిగుసుకుపోయినవాళ్ళనీ, గట్టి మలబద్ధకం వల్ల బిగుసుకుపోయినవాళ్ళనీ చూశాను. డాక్టరమ్మ వీటన్నిటినీ ఒక్కొక్కటిగా చూసుకుంటూ వచ్చింది. షుగరు లేదు, రాయి లేదు, గడ్డ లేదు, నడుం బాగుంది. ఆఖరికి కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చుంది.

"పనికెళ్ళిన రోజు మూత్రానికి ఎన్నిసార్లు వెళ్తారమ్మా?"

మేస్త్రమ్మ మొహం వెలిగిపోయింది. ఆసుపత్రికి వచ్చాక తనకి తెలిసిన విషయం అడిగింది డాక్టరమ్మ ఒక్కతే.

"పనిలోనా? అసలు పోను తల్లీ. తెల్లారకముందు ఒకసారి పోతే, మళ్ళా గుడారానికి వచ్చాకనే. కళ్ళంలో కూర్చున్నానంటే రాశి అయ్యేదాకా లెగను. నా ముఠాలో ఎవురూ లెగరు. అందుకే గదా ఆసాములు వేరే ముఠాల్ని కాదని మమ్మల్ని పిలిచేది."

"ఎన్నాళ్ళుగా ఇలా?"

"పెళ్ళయి ఈ పనికి వచ్చినకాడి నుంచీ."

డాక్టరమ్మ చేతిలో పెన్ను మంచం మీద పెట్టేసింది. అన్నేళ్ళు బిగబట్టి బిగబట్టి సంచి సాగిపోయిందనీ, మూత్రాన్ని బయటికి నెట్టే బలం దానికి పోయిందనీ మెల్లగా వివరించింది. మేస్త్రమ్మ శ్రద్ధగా విని, "బలం లేకపోవడం ఏంది తల్లీ, అంతసేపు ఆపింది ఆ బలమే గదా" అంది. డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను సెలైన్ సీసా వైపు చూశాను.

ఆ మధ్యాహ్నం వార్డు సద్దుమణిగాక, ఎందుకమ్మా అంత మొండితనం అని అడిగాను. నిజానికి కాస్త కసిరినట్టే అడిగాను, నా నోరు అలాంటిది. చేలో చాటు లేకనా, మగవాళ్ళున్నారనా అన్నాను.

"చాటూ లేదు, నిజమే. కానీ అది గాదు సిస్టరమ్మా. కారం చేతులు" అంది.

పెళ్ళయిన కొత్తలో, మొదటి సీజనులోనే ఒకసారి ఆగలేక రాశి దగ్గర్నుంచి లేచి బండి చాటుకి వెళ్ళిందట. వచ్చేముందు చెంబుతో నీళ్ళు తీసుకుని శుభ్రం చేసుకుంది. పొద్దుట్నుంచీ కాయలు తుంచిన చేతులతో. ఆ మంటకి అరుచుకుంటూ పోయి కాలవ నీళ్ళలో కూర్చుందట. టిక్కీలు కుట్టే మగవాళ్ళు చూసి పడీపడీ నవ్వారట. సీజనంతా ఆమె నడిచి వస్తుంటే ఒకడు కాళ్ళు ఎడంగా పెట్టి నడిచి చూపించేవాడట.

"అందుకే కొత్తగా వచ్చిన పిల్లలకి ముందే చెప్తా. పొద్దున్నే నీళ్ళు తాగబాకండి, చద్దన్నంలో మజ్జిగ పోసుకోబాకండి, కూర్చున్నాక లెగబాకండి అని. ఏ పిల్లా నా మాదిరి ఏడవగూడదు గదా."

నాకు వాళ్ళ మీద, ఆ నవ్విన మగవాళ్ళ మీద ఎంత కోపం వచ్చిందంటే, వాళ్ళలో ఒకడైనా ప్రొస్టేటు పెరిగి మా వార్డుకే వచ్చి ఉంటే బాగుండుననుకున్నాను. నర్సు అనుకోకూడని మాటే, అయినా అనుకున్నాను.

సాగిపోయిన సంచికి మందు లేదు. రోజూ వేళకి సన్నటి పైపు తనే పెట్టుకుని, మూత్రం తీసేసుకోవాలి. అలా చేస్తే కిడ్నీలు నిలబడతాయి. అది నేర్పించడం నా పని. అద్దం ఎదురుగా పెట్టి చూపించాను. నేర్పేటప్పుడల్లా ఆమె ఆడబిడ్డని ఏదో ఒక పని చెప్పి బయటికి పంపేసేది. ఇద్దరూ ఒకే కంచంలో తినేంత దగ్గరైనా, ఇది మాత్రం తెలియకూడదంది. మొదటి రోజు సిగ్గుతో కళ్ళు గట్టిగా మూసుకుంది. "కళ్ళు మూసుకుని సూదిలో దారం ఎక్కిస్తావా?" అని కేకలేశాను. నవ్వి కళ్ళు తెరిచింది. ఆ తర్వాత ఆ చేతికి తిరుగులేదు. మా దగ్గర శిక్షణకి వచ్చే అమ్మాయిలు దీనికే చేతులు వణికించుకుంటారు. ఈమె మాత్రం దబ్బనంతో సంచి కుట్టినంత నిదానంగా చేసేసింది.

వెళ్ళేరోజు డాక్టరమ్మ, నేను ఇద్దరం కూర్చోబెట్టి చెప్పాం. వేళ తప్పకూడదు. చేతులు శుభ్రంగా ఉండాలి. మిరపకాయ ముట్టుకోకూడదు.

"ముట్టను. మేస్త్రిని గదా, అజమాయిషీ చేసుకుంటా కూర్చుంటా" అని మాటిచ్చింది. నమ్మాను.

వానాకాలమంతా మాట నిలబెట్టుకుంది. బస్సులు మారి మరీ పరీక్షలకి వచ్చేది. ఒకసారి సంచీ నిండా సీతాఫలాలు తెచ్చి మా టేబుల్ మీద పోసింది. మొహం తేటపడింది, గొంతు మళ్ళీ లేచింది, వరండాలో మాట్లాడితే మందుల గదిలోకి వినపడేది. ప్రతిసారీ రక్తపరీక్ష కిందటిసారికన్నా మెరుగ్గా వచ్చేది. డాక్టరమ్మ ఆ కాగితం పట్టుకుని నా దగ్గరకి వచ్చి, "గట్టెక్కింది సిస్టర్" అని చిన్నపిల్లలా సంబరపడింది. నేను రిటైరయ్యేలోపు చూసిన మంచి కేసు ఇదేననుకున్నాను.

మిర్చి సీజను మొదలయ్యాక రావడం మానేసింది. పనిలో ఉండి ఉంటుందిలే అనుకున్నాం. ఒకరోజు పదకొండు గంటలప్పుడు ఆటో వచ్చి ఆగింది. వరండా తుమ్మింది. నలుగురు ఆడవాళ్ళు ఆమెని మోసుకొచ్చారు. ఒళ్ళు పేలిపోయే జ్వరం, పళ్ళు కొట్టుకునేంత చలి, కడుపు మళ్ళీ కుండలా ఉంది. సూది గుచ్చడానికి చెయ్యి పట్టుకున్నాను. వేళ్ళు ఎర్రగా వాచి, గోళ్ళ సందుల్లో మిరప తొక్కలు.

"ముట్టనన్నావు కదా!" అని అరిచాను. వార్డంతా నా వైపు తిరిగింది.

"మొదట్లో ముట్టలేదు సిస్టరమ్మా" అంది. మాట తడబడుతోంది కానీ స్పృహలోనే ఉంది. "ఆసామి చూశాడు. మేస్త్రి రాణీలాగా కూర్చుంటే ముఠా ఏం పనిచేసిద్ది, రేపటి నుంచి వేరే ముఠాని పిలుస్తా అన్నాడు. వీళ్ళందర్నీ ఊరి నుంచి తోలుకొచ్చింది నేను. యాడికి తోలుకుపోను? కూర్చున్నా రాశి ముందు."

"పైపో?"

"ఈ చేతులతో ఎట్టా పెట్టుకునేది?"

సబ్బుతో కడిగిందట. కొబ్బరినూనె రాసి పిండితో రుద్దిందట, మజ్జిగలో నానబెట్టిందట. చెయ్యి శుభ్రమవుతుంది కానీ మంట పోదు. మొదటిరోజు పెట్టుకుంటే, పెళ్ళయిన కొత్తలో కాలవలో కూర్చున్న మంట మళ్ళీ వచ్చిందట. నేను దొంగచాటుగా ఇచ్చి పంపిన గ్లౌజులు ఉన్నాయి కదా అన్నాను. అవి తొడుక్కునేటప్పుడే పైన కారం అంటుకుంటోందట. గ్లౌజులతో కాయలు తుంచి చూస్తే ముచ్చిక వేళ్ళకి దొరకదు, చెమటకి జారిపోతుంది, పక్కవాళ్ళ రాశి ముందుకి పోతుంది. అందుకని పైపు మానేసి, మళ్ళీ బిగబట్టడం మొదలుపెట్టింది. ఆ పని ఆమెకి బాగా వచ్చు.

"ముఠాలో ఒక్కరినైనా సాయం అడక్కపోయావా?"

"ఎవురి చేతికి కారం లేదు సిస్టరమ్మా?"

"ఒకరిని కాయ ముట్టకుండా ఉంచుకోవచ్చు కదా, నీకోసం."

వాచిన తన వేళ్ళ వైపు చూసుకుంది. తర్వాత అంది. "ఇన్నేళ్ళు వాళ్ళని లెగబాకండి అన్నా. ఇప్పుడు నాకు మూత్రం తియ్యడానికి ఒకరు కూలి పోగొట్టుకోండి అని ఏ మొగం పెట్టుకుని అడగను?"

ఆడబిడ్డ మంచం కాళ్ళ దగ్గరే నిలబడి ఉంది. అప్పటిదాకా ఏమీ అర్థం కానట్టు మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. "పైపేంది వదినా? నయమైపోయిందని చెప్పావు గదా మాకు?" అంది. మేస్త్రమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది. చెప్పాల్సింది నేనే చెప్పాను. ఆ మనిషి ఏడవలేదు, అరవలేదు. "దీనికా? దీనికి నన్ను అడక్కపోయావా? నేను కాయ ముట్టకుండా ఉండనా?" అని, గబగబా వార్డు చివర సింకు దగ్గరకి వెళ్ళి చేతులు కడగడం మొదలెట్టింది. మా సబ్బు అరగదీసి కడిగింది. కడిగి, వేలు నాలిక మీద పెట్టి చూసుకుంది. మళ్ళీ కడిగింది. మళ్ళీ చూసుకుంది. ఇంకా కారంగానే ఉంది.

"ఈ కారం పోయాక నాకు నేర్పండి సిస్టరమ్మా. ఇకనుంచి నేనే పెడతా" అంది.

నేర్పుతానన్నాను. ఆ మాట విని మేస్త్రమ్మ మొహం మళ్ళీ ఇటు తిప్పింది. తనే ఆడబిడ్డ చెయ్యి పట్టుకోబోయింది. "అంటుకోబాకు వదినా, సెలైను సూదికి కారం తగిలిద్ది" అని ఆడబిడ్డే చెయ్యి వెనక్కి తీసుకుంది.

డాక్టరమ్మ గుంటూరు పంపించడానికి అన్నీ సిద్ధం చేసింది. కానీ ఇన్‌ఫెక్షను రక్తంలోకి పాకిపోయింది, బీపీ ఎంతకీ నిలబడలేదు. అంబులెన్సు వాకిట్లోనే ఉంది, ఎక్కించేంత నిలకడ రాలేదు. మర్నాడు పొద్దున టిఫిన్లు పంచే వేళకి మేస్త్రమ్మ పోయింది. డాక్టరమ్మ డ్యూటీ గదిలో తలుపేసుకుంది. మా హెడ్ సిస్టర్, ఎవరు పోయినా కాగితాల పని ముందు చూసుకునే మనిషి, ఆ రోజు కుర్చీలో అలా కూర్చుండిపోయింది. నాకైతే ఏడుపు కన్నా కోపం ఎక్కువ వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక, ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తున్న ఆయాని తిట్టాను.

పిల్లలూ, ఎన్నిసార్లు వెళ్తారని మీరూ అడుగుతారు. ఎందుకు వెళ్ళరో కూడా అడగండి. శుభ్రంగా చేతులు కడుక్కోండి అని చెప్పేముందు, ఆ చేతులు పొద్దున్నుంచీ ఏం పట్టుకుంటాయో అడగండి. జబ్బు సంగతి ఇంట్లో ఒక్కరికైనా చెప్పనివ్వండి, సిగ్గుపడితే మీరు పక్కనుండి చెప్పించండి.

కబురు తెలిసి ముఠా మొత్తం వచ్చింది. పనిలోంచి వచ్చినవాళ్ళు వచ్చినట్టే, తలకి కట్టిన గుడ్డలతోనే. ఊరికి తీసుకెళ్ళేముందు స్నానం చేయించి, కొత్తచీర కడతామన్నారు. పైపులన్నీ తీసేసి, ఆసుపత్రి వెనక గదిలో బల్ల మీద పడుకోబెట్టి, బకెట్లతో నీళ్ళు పెట్టించాను. "రండమ్మా, కానివ్వండి" అన్నాను. ఒక్కరూ ముందుకి రాలేదు. అందరూ ఆడబిడ్డ వైపు చూశారు. ఆమె తన చూపుడువేలు నాలిక మీద పెట్టుకుని చూసుకుంది. తల అడ్డంగా ఊపి, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది.

"ఇంకా పోలేదు సిస్టరమ్మా. మీరు చెయ్యండి. మా చేతులు తగిలితే ఆమెకి మంట పుట్టిద్ది."

ఇప్పుడామెకి ఏ మంటా తెలియదమ్మా అని నోటిదాకా వచ్చింది. చీర కొంగు దోపుకుని, సబ్బు తీసుకున్నాను. వాళ్ళు చెంబుల అంచులు పట్టుకుని, తమ వేళ్ళు ఆ నీళ్ళకి తగలకుండా, ఒకరి తర్వాత ఒకరు పోశారు. మొహం కడిగాను. చేతులు కడిగాను, గోళ్ళ సందుల్లో తొక్కలు తీశాను. పొత్తికడుపు దాటి నా చెయ్యి కిందికి వెళ్ళగానే పోసే నీళ్ళు సన్నబడ్డాయి. వెనక నుంచి ఆడబిడ్డ గొంతు వినపడింది.

"అక్కడ కాస్త మెల్లగా సిస్టరమ్మా. మా వదినకి నెప్పి."